మట్టి తెచ్చినవాడి పేరు

కేజియా చేతిలో తొమ్మిది పేర్లున్నాయి. తాబేలు వంశంలో పెద్ద ఆడమనిషి కాబట్టి వాటికి కాపలా ఆమెది. వంశంలో ఎవరైనా పోతే వాళ్ళ పేరు నేల మీద పడుతుంది. కేజియా దాన్ని ఎత్తి, కొత్తగా పుట్టినవాళ్ళ తల మీద పెట్టాలి. పెట్టేదాకా ఆ బిడ్డ మనుషుల్లోకి వచ్చినట్టు కాదు, గడప దగ్గరే నిలబడి ఉన్నట్టు. ఒక పేరు ఒక్క తల మీదే ఉంటుంది. బతికున్నవాళ్ళ పేరు ఇంకొకరికి పెట్టడమన్నది వయండాట్ తెగలో ఎన్నడూ జరగలేదు.

పాదిరి పెట్టే పేర్లు వేరు. కేజియా, ఫీబీ, ఎనోస్, టోబియా, ఇవన్నీ తెల్లవాళ్ళ దుకాణంలో చెప్పుకోడానికి.

ఆ ఎండాకాలం మొదట్లో వయండాట్లు సాండస్కీ నది ఒడ్డున తమ ఊరునీ, చేలనీ, పండ్ల తోటల్నీ వదిలేశారు. ఒహాయోలో తెల్లవాళ్ళకు భూమి వదలకుండా చివరిదాకా పట్టుకుని కూర్చున్న తెగ వాళ్ళదొక్కటే. చివరికి వాళ్ళ పెద్దలు కూడా కాగితం మీద గీతలు పెట్టక తప్పలేదు. ఏడు రోజులు బళ్ళ మీదా కాళ్ళ మీదా నడిచి, సిన్సినాటీ రేవులో రెండు పొగ ఓడలెక్కి, రెండు నదులు కలిసే ఈ లోతట్టు పల్లంలోకి వచ్చి పడ్డారు. ఇక్కడ భూమి ఇస్తామన్న షానీ తెగవాళ్ళు, తీరా వచ్చాక, ఇవ్వమన్నారు. అప్పటినుంచి గుడారాల్లోనే ఉన్నారు. వాన కురిస్తే గుడారంలో మడమల దాకా నీళ్ళు. ఎండ కాస్తే ఆ నీళ్ళమీద దోమలు. రోజు మార్చి రోజు ఎవరినో ఒకరిని పడవలో వేసుకుని నది దాటించి, అవతలి మెట్ట మీద పూడ్చి వస్తున్నారు.

కేజియా కూతురు ఫీబీకి దారిలో, మూడో రోజు, బండిలోనే కొడుకు పుట్టాడు. ఫీబీ మొగుడు కిందటి చలికాలంలోనే తట్టు వచ్చి పోయాడు. పిల్లవాడు పుట్టినప్పుడు బొద్దుగానే ఉన్నాడు. ఈ పల్లంలోకి వచ్చాక చలిజ్వరం పట్టుకుంది.

"అమ్మా, వీణ్ణి ఎత్తుకుంటే ఉత్త గుడ్డ ఎత్తుకున్నట్టుందే," అంది ఫీబీ ఒకరోజు పొద్దున. "పేరు పెట్టెయ్యి. పేరు లేకుండా పోతే వీణ్ణి అక్కడ ఎవరు గుర్తుపడతారు?"

"కంకి పండగ కావాలి కదే. లేత కంకులు లేకుండా పేరు ఎలా పెడతాను?"

"మన కంకులు సాండస్కీలో ఎవరో తింటున్నార్లే ఈపాటికి. నువ్విలా పండగ కోసం చూస్తూ కూర్చో."

కేజియా తడిగుడ్డతో పిల్లవాడి నుదురు తుడిచింది. కంకులొక్కటే అయితే ఆమె అంత ఆలోచించేది కాదు. ఉన్న తొమ్మిది పేర్లలో నేల మీద పడి ఉన్నది ఒక్కటే. అది ఆమె తమ్ముడు ఎనోస్ పేరు.

ఎనోస్ రెండో ఓడలో రావలసినవాడు. ఓడ కదిలే ముందు రేవు పలకల మీదనుంచి ఒక మనిషి జారి నీళ్ళలో పడ్డాడని, పైకి తేలలేదని టోబియా చెప్పాడు. టోబియా కేజియా చెల్లెలి మొగుడు. చెల్లెలు పోయి చాలాకాలమైనా వరస పోలేదు. జింక వంశంలో పెద్దమనిషి, అబద్ధమాడే రకం కాదు.

"మొహం చూశావా, టోబియా?" అని అప్పుడే అడిగింది కేజియా.

"మొహం చూడలేదు వదినా. కోటు చూశాను. వీపు మీద నువ్వు పూసలతో కుట్టిన తాబేలు చూశాను. నీళ్ళలో ఒక్కసారి తిరిగి, కిందికి పోయింది."

అలాంటి కోటు ఇంకొకటి లేదు. ఒక చలికాలమంతా కూర్చుని కుట్టింది ఆమె. ఓడలోనే జుట్టు విప్పుకుని పది రోజులు ఏడ్చింది. జింకవాళ్ళు వచ్చి ఆనవాయితీ ప్రకారం ఆమె కన్నీళ్ళు తుడిచారు. అంతా అయింది. అయినా ఆ పేరు ఎత్తడానికి చెయ్యి రాలేదు. శవం లేని చావు అది. మనసులో ఎక్కడో ముల్లులా ఉండిపోయింది.

ఆ సాయంత్రం పిల్లవాడు పాలు తాగడం మానేశాడు. మర్నాడు తెల్లవారగానే కేజియా బుట్ట తీసుకుని డెలావేర్ల చేలకు బయల్దేరింది.

డెలావేరు తెగవాళ్ళు ఇక్కడికి వచ్చి పదిపదిహేనేళ్ళయింది. వాళ్ళ మొక్కజొన్న చేలు కంకి పట్టి ఉన్నాయి. తాతల నాటినుంచి వాళ్ళు వయండాట్లను మేనమామలనే పిలుస్తారు. చేలో ఉన్న డెలావేరు ఆడమనిషి కేజియాను పైనుంచి కిందిదాకా చూసింది.

"మేనమామలు మేనకోడలింటికి వట్టి బుట్ట పట్టుకుని వస్తారా?" అంది. "మా అమ్మ చెప్పేది, మామలొస్తే సారె తెస్తారని."

"సారె తెస్తున్నాం తల్లీ. దారిలో ఒహాయోవాళ్ళు దించుకున్నారు."

ఆ మనిషి నవ్వింది, తర్వాత నవ్వు ఆపేసింది. ఎన్ని కావాలని అడగలేదు. బుట్ట నిండేదాకా తనే విరిచి వేసింది. "పిల్లవాడికా?" అంది చివర్లో. కేజియా తలూపింది.

గుడారం ముందు కంకులు ఉడికాయి. మిగిలిన తాబేలువాళ్ళు, జింకవాళ్ళు వచ్చి కూర్చున్నారు. జ్వరం లేనివాళ్ళు ఇరవై మందైనా లేరు. కేజియా మనవణ్ణి రెండు చేతులమీదా ఎత్తి, అంతా నీళ్ళుగా ఉన్న కాలాన కప్ప అడుగుకు మునిగి నోటినిండా మట్టి తెచ్చి తాబేలు వీపు మీద వేసిన సంగతి చెప్పింది. ఆ మట్టే నేల అయింది. ఆ కప్పను తలుచుకుని పెట్టిందే ఇన్నాళ్ళూ ఎనోస్ తల మీద ఉన్న పేరు. "మట్టి తెచ్చినవాడు వచ్చాడు, చూడండి," అని మూడుసార్లు చెప్పింది. మూడోసారి ఆమె గొంతు వణికింది. కూర్చున్నవాళ్ళు అది తమ్ముడి మీద దుఃఖం అనుకున్నారు.

ఆ మధ్యాహ్నం పిల్లవాడు పాలు తాగాడు. రెండు రోజుల్లో జ్వరం దిగింది. ఫీబీ మొహం మీద నవ్వు చూసి కేజియా తన మనసులోని ముల్లు సంగతి మర్చిపోయింది.

తొమ్మిదో రోజు మిట్టమధ్యాహ్నం ఎనోస్ వచ్చాడు.

ఒక కుంటి గుర్రాన్ని తాడు పట్టుకుని నడిపించుకుంటూ, ఒంటి మీద ఉత్త చొక్కాతో, గడ్డం మాసి, నది వైపునుంచి వచ్చాడు. అతన్ని చూసి ఆడవాళ్ళు గుడారాల్లోకి వెళ్ళిపోయారు. టోబియా ఒక మొద్దు మీద కూర్చుని చేప పొలుసు గీస్తున్నాడు. కత్తి అలాగే పట్టుకుని చూశాడు.

"ఏం బావా, అందరూ అలా పారిపోతున్నారేంటి?" అన్నాడు ఎనోస్. "అంత కంపు కొడుతున్నానా?"

"చచ్చినవాడు కంపు కొట్టక ఏం చేస్తాడురా," అన్నాడు టోబియా.

"ఎవరు చచ్చింది?"

"నువ్వే. సిన్సినాటీ రేవులో. నేనే చూశాను. నీ కోసం పది రోజులు ఏడ్చాం. మీ అక్క చెయ్యి పట్టుకుని కన్నీళ్ళు తుడిచింది కూడా నేనే."

ఎనోస్ నవ్వబోయాడు. టోబియా మొహం చూసి ఆగిపోయాడు. "ఆ కోటు నా ఒంటి మీద లేదు బావా. రేవులో మూటలు మోసే ఒక తెల్లవాడికి ఇచ్చాను."

"ఊరికే ఇచ్చావా?"

"రెండు సీసాలకు ఇచ్చాను."

"మా వదిన చలికాలమంతా కళ్ళు పోగొట్టుకుని కుట్టిన కోటు," అన్నాడు టోబియా. మళ్ళీ చేప వైపు తిరిగాడు. "వాడు కూడా తాగే పడి ఉంటాడు పాపం."

అప్పుడు కేజియా గుడారంలోంచి బయటికి వచ్చింది. తమ్ముణ్ణి చూసింది. రెండు అడుగులు పరుగులాంటి నడకతో వేసి, ఆగిపోయింది. వెనక గుడారంలో ఫీబీ పిల్లవాడికి జోల పాడుతోంది. జోలలో ఆ పేరు నాలుగుసార్లు వినిపించింది. ఎనోస్ విన్నాడు. తన పేరుతో ఎవరు ఎవరిని పిలుస్తున్నారో అర్థం కావడానికి అతనికి కొంతసేపు పట్టింది.

"అక్కా," అన్నాడు.

"కూర్చో," అంది కేజియా. "జావ తాగు ముందు."

జావ తాగుతూ అతను చెప్పాడు. ఓడ ఎక్కడానికి కాలు రాలేదట. తాగి రేవులో పడి ఉండి, లేచేసరికి ఓడలు పోయాయట. అక్కడినుంచి వెనక్కి సాండస్కీకి నడిచి వెళ్ళాడట. వాళ్ళ ఇంట్లో ఎవరో కాపురముంటున్నారు. వాళ్ళ పందులు అమ్మ సమాధి మీద పొర్లుతున్నాయి. అతను చుట్టూ దడి కట్టాడు. ఇంటాయన పీకేశాడు. మళ్ళీ కట్టాడు. మూడోసారి ఆయన తుపాకీ తెచ్చి, మాట్లాడకుండా దడి కట్టడం అయ్యేదాకా నిలబడి చూసి, అయ్యాక పీకేశాడు.

"ఆపైన నేను కట్టలేదు," అన్నాడు ఎనోస్. "నడిచి వచ్చేశాను."

కేజియా కుండ అడుగున మిగిలింది కూడా అతని గిన్నెలోనే పోసింది.

ఆ సాయంత్రం టోబియా వచ్చి కూర్చున్నాడు. ఫీబీ పిల్లవాణ్ణి గుండెకు కరుచుకుని గుడారం లోపలి మూలకు జరిగింది.

"వదినా, ఇది ఎప్పుడూ జరగలేదు," అన్నాడు టోబియా. "ఒక్క పేరు రెండు తలల మీద ఉండకూడదు. ఉంటే ఆ రెండింట్లో బలం తక్కువది రాలిపోతుందంటారు. వీడు కావాలా, వాడు కావాలా, తేల్చవలసింది నువ్వే. మేం చెప్పేది లేదు."

"వీడికి ఇంకో పేరు లేదా నీ దగ్గర?" అన్నాడు ఎనోస్ పిల్లవాణ్ణి చూపించి.

"మిగిలిన ఎనిమిదీ మనుషుల మీదే ఉన్నాయి."

"అయితే నాది నాకియ్యక్కా. అమ్మ పెట్టిన పేరది. ఇల్లు పోయింది. తోట పోయింది. అమ్మ మీద పందులు తిరుగుతున్నాయి. కోటు నేనే పోగొట్టుకున్నాను, సరే. ఈ పేరు నేను పోగొట్టుకోలేదు కదా. నువ్వు తీశావు."

"తీస్తే వీడు పోతాడు మామయ్యా," అంది ఫీబీ మూలనుంచి. "పేరు పెట్టిన మధ్యాహ్నమే పాలు తాగాడు. అడుగు, ఇక్కడున్న వాళ్ళందరినీ అడుగు."

"నీకేం తల్లీ, నువ్వు నీ కొడుకు కోసం అడుగుతావు. నా కోసం అడగడానికి అమ్మ లేదు."

అందరూ కేజియా వైపు చూశారు. ఆమె తన చేతుల వైపు చూసుకుంది. చెరువు ఎండినట్టు బీటలు పడ్డ చేతులు. తప్పు తనదని ఆమెకు తెలుసు. శవం చూడకుండా పేరు ఎత్తింది. తప్పు సరిచేసుకోవాలంటే పిల్లవాడి తల మీద చెయ్యి పెట్టి, పేరు వెనక్కి తీసుకోవాలి. రెండు మాటలు చాలు. మూడు రోజులు గడువు అడిగింది.

ఆ మూడు రోజులూ ఎనోస్ గుడారం బయటే పడుకున్నాడు. శిబిరంలో అతన్ని ఏమని పిలవాలో ఎవరికీ తెలియలేదు. చివరికి "ఎనోస్" అన్నారు, దుకాణంలో తెల్లవాళ్ళు పిలిచినట్టు. పిలిచినప్పుడల్లా అతను ఒక క్షణం ఆలస్యంగా తలెత్తేవాడు. రెండో రోజు ఫీబీ నీళ్ళకు వెళ్ళినప్పుడు పిల్లవాడు ఏడిస్తే, అతనే, వాణ్ణి కట్టి ఉంచే వీపు పలకతో సహా ఎత్తుకుని చెట్టు నీడన అటూ ఇటూ తిరిగాడు. కేజియా చూస్తూనే ఉంది. అతను పిల్లవాడితో ఏదో అంటున్నాడు. దగ్గరికి పోయి విన్నది.

"నా పేరు నీకు వదులుగా ఉందిరా. జారిపోతుంది చూసుకో," అంటున్నాడు.

మూడో రోజు పొద్దున్న ఆమె అతన్ని నది ఒడ్డుకు తీసుకెళ్ళింది.

"ఇవ్వను," అంది.

అతను నీళ్ళ వైపు తిరిగాడు.

"నువ్వు పేరు లేకుండా బతకగలవురా. నలభై ఏళ్ళ మనిషివి. నిన్ను గుర్తుపట్టే వాళ్ళున్నారు. నేనున్నాను. వాడు బతకలేడు."

"నేను బతికే ఉన్నానని నీకు సంతోషం లేదా అక్కా?"

కేజియా చెప్పాలనుకున్నది చాలా ఉంది. నిన్ను చూడగానే పరిగెత్తబోయాననీ, కాళ్ళు ఎందుకు ఆగాయో నాకే తెలియదనీ. "ఉంది," అని మాత్రం అంది.

"సరే అయితే," అన్నాడు ఎనోస్. ఒంగి మొహం కడుక్కున్నాడు.

ఆ తర్వాత రెండు వారాలు అతను శిబిరానికి కట్టెలు కొట్టాడు, పడవ నడిపాడు. పెద్దల సభలో తాబేలువాళ్ళ వైపు అతను కూర్చునే చోటు ఖాళీగా ఉంచారు. చోటు పేరుకే చెందుతుంది కాబట్టి, పసివాడు పెద్దయ్యేదాకా అది అలాగే ఉండాలి. ఎనోస్ ఆ దారిన పోవడం మానేశాడు.

మూడో వారంలో వాన నాలుగు రోజులు వదలకుండా కురిసింది. పిల్లవాడికి జ్వరం తిరగబెట్టింది. ఈసారి పేరు వాణ్ణి పట్టి ఆపలేదు. ఐదో రోజు తెల్లవారాక, ఫీబీ రొమ్ము అందిస్తుండగానే పోయాడు.

ఫీబీ చాలాసేపు వాణ్ణి ఇవ్వలేదు. టోబియా వచ్చి తల్లీ ఇవ్వమ్మా అంటే ఇచ్చింది. బయట నిలబడ్డ ఎనోస్‌ను చూసి, "నడిచి నడిచి వచ్చి వెనక్కి లాక్కున్నావు కదా మామయ్యా," అంది. కోపంగా అనలేదు. వాన పడుతోందని చెప్పినట్టు అంది. అతను తల వంచుకుని పడవ దగ్గరికి వెళ్ళాడు.

తాబేలువాళ్ళ చావుకు గొయ్యి జింకవాళ్ళు తీయాలి. మెట్ట మీద మట్టి పల్లంలోలా కాదు, పొడిగా ఉంది. అప్పటికే అక్కడ అరవై దాకా గుంటలున్నాయి. కేజియా లెక్కపెట్టడం ఎప్పుడో మానేసింది. టోబియా చిన్న గొయ్యిలోకి వంగి, ఆనవాయితీ ప్రకారం, లోపల ఎవరున్నారో నేలకు వినిపించేలా చెప్పాడు. "మట్టి తెచ్చినవాడు వస్తున్నాడు. చోటివ్వండి."

గొయ్యికి అటుపక్క ఎనోస్ తెడ్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తన పేరు చెప్పి మట్టి వేస్తుంటే చూస్తూ నిలబడ్డాడు. మొదటి పిడికిలి ఫీబీ వేసింది. రెండోది కేజియా. అతన్ని వేయమని ఎవరూ అనలేదు.

పది రోజులు గడిచాయి. పదో రోజు మళ్ళీ అందరూ మెట్ట మీదికి వెళ్ళారు. జింకవాళ్ళు ఫీబీ కన్నీళ్ళు తుడిచారు. జావ గిన్నె మధ్యలో పెట్టారు. డెలావేర్ల చేలో కంకులు అప్పటికి ముదిరిపోయి గట్టిబడ్డాయి. దంచి కాచిన జావ అది.

"పేరు నేల మీద పడింది వదినా," అన్నాడు టోబియా. "వాన కురిసే నేల ఇది. ఎక్కువ రోజులు పడి ఉండనివ్వకు. చచ్చినవాడి చోటు నింపడానికి ఇవాళ ఎత్తితే కంకి పండగ అక్కర్లేదు. తల్లి ఒప్పుకుంటే చాలు."

కేజియా తమ్ముడి వైపు చూసింది. ఈ పది రోజులూ ఆమె ఆలోచించింది అదే. పేరు ఇప్పుడు ఎవరి తల మీదా లేదు. తిరిగి అతనికి ఇవ్వొచ్చు. కానీ పేరు ఎత్తుకున్నవాడు, ఆ పేరుతో ఆఖరున ఉన్నవాడి చోట్లోకి వస్తాడు. వాడి చుట్టాలే వీడి చుట్టాలు. వాడి తల్లే వీడి తల్లి. అది మార్చడానికి ఆమె చేతిలో ఏమీ లేదు.

"నీకు తెలుసు కదా ఎలా ఉంటుందో," అంది ఎనోస్‌తో.

"తెలుసు."

"ఒప్పుకుంటావా?"

అతను గడ్డం తడుముకున్నాడు. "ఇంత గడ్డమున్న కొడుకు ఫీబీకి కావాలో వద్దో అడుగు," అన్నాడు. జింకవాళ్ళలో ఎవరో నవ్వును దగ్గుగా మార్చుకున్నారు.

ఫీబీ అతని వైపు చాలాసేపు చూసింది. ఆమె జాకెట్టు ముందు భాగం ఇంకా పాలకు తడుస్తూనే ఉంది. వద్దంటుందని అందరూ అనుకున్నారు. కేజియా కూడా అనుకుంది. ఒక్క క్షణం, తనకే సిగ్గేసేలా, వద్దంటే బాగుండుననుకుంది.

ఫీబీ లేచి గిన్నె ఎత్తింది. అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"పది రోజుల్నుంచి నువ్వేమీ సరిగ్గా తినడం లేదు," అంది. "తాగు, బాబూ."

అతను రెండు చేతులతో గిన్నె పట్టుకున్నాడు. తాగాడు. మూతి తుడుచుకోకుండానే, "చాలమ్మా," అన్నాడు.

కేజియా లేచి అతని తల మీద చెయ్యి పెట్టింది. చిన్నప్పుడు పేలు చూసిన తల. నెత్తిమీద, మంచులో జారిపడినప్పటి మచ్చ వేలికి తగిలింది. ఆ రోజు వీపున వేసుకుని ఇంటికి తెచ్చింది తనే. ఆ సంగతి ఇక మీద ఈ మనిషితో అనుకోడానికి లేదు. ఈ మనిషికి ఆ చిన్నతనం లేదు. ఇద్దరినీ కన్న అమ్మ ఇతనికి ముత్తవ్వ, ఎప్పుడూ చూడని ముత్తవ్వ. "మట్టి తెచ్చినవాడు వచ్చాడు, చూడండి," అని మూడుసార్లు చెప్పింది. ఈసారి గొంతు వణకలేదు.

తిరిగి వచ్చేటప్పుడు పడవ అతనే నడిపాడు. ముందు ఫీబీ కూర్చుంది, మధ్యలో టోబియా, వెనక తెడ్డుకు దగ్గరగా కేజియా. నది ఎర్రగా, నిండుగా పోతోంది. నడిమధ్యకు వచ్చేసరికి అల ఒకటి అంచు దాటి లోపలికి చిమ్మింది.

"అక్కా, కాలు..." అన్నాడు అతను.

టోబియా మెల్లగా దగ్గాడు. ఫీబీ వెనక్కి తిరగలేదు. అతను తెడ్డు రెండుసార్లు వేసి, మళ్ళీ అన్నాడు.

"అమ్మమ్మా, కాలు లోపలికి తీసుకో. నీళ్ళొస్తున్నాయి."

కేజియా కాలు లోపలికి తీసుకుంది.